కొత్త స్పీకర్లలో రాని గొంతు

తొంభైలలో మేము మంచిర్యాలలో ఉండేవాళ్లం. మా ఆయన బొగ్గు బాయి లోపల డ్రిల్లు మిషను మీద పని చేసేవాడు. మాకు ఒక్కతే బిడ్డ. కరీంనగర్ హాస్టల్లో ఉండి చదువుకునేది. దాన్ని చూసి రావడానికని ఆయన ఎవరో వాడిన తెల్ల కారు ఒకటి కొన్నాడు. ఆదివారం వస్తే చాలు, పొద్దున్నే కారు కడిగి, పల్లె పాటల క్యాసెట్టు పెట్టుకుని బయలుదేరేవాళ్లం.

ఆ పాటలు పాడినామె గొంతు ఆయనకు ప్రాణం. కానీ కారులో పాట మొదలైతే విసుగే.

"గీ స్పీకర్లు దండుగ. పాడుతున్నదో మూలుగుతున్నదో ఎరుకైతలేదు," అనేవాడు.

ఆ మాటలో కొంత నిజం ఉంది. అవి కారుతో పాటు కంపెనీ నుంచి వచ్చిన స్పీకర్లు. వాటి కాగితం ఎండకు బిరుసెక్కి అంచుల్లో చిరిగిపోయింది. సౌండు కాస్త పెంచితే గరగరమనేవి.

ఒక ఆదివారం బిడ్డను కూడా ఎక్కించుకుని, కరీంనగర్ బస్టాండు దగ్గర కార్ల టేపులు బిగించే దుకాణానికి పోయాం. ఆంప్లిఫయర్ పెడితే బ్యాటరీ మీద భారం పడుతుందని మా ఆయన భయం. ఆ మాటే దుకాణదారుతో అన్నాడు.

"ఆంప్లిఫయర్ అక్కర్లేదన్నా. నీ టేపు ఇచ్చే గా కొంచెం కరెంటుకే గట్టిగ పలికే స్పీకర్లున్నయ్. గవ్వే ఏస్త," అన్నాడతను.

కారు తలుపుల లోపలి అట్టలు ఊడదీశాడు. కొత్త స్పీకర్లు పాత రంధ్రాలకు సరిపోలేదు. చెక్కతో గుండ్రటి పట్టీలు కోసి, వాటి మీద బిగించాడు. గాలి పోకుండా చుట్టూ స్పాంజి అంటించాడు. రేకు అదరకుండా లోపల రబ్బరు షీటు పరిచాడు. మా ఆయన స్టూలు మీద కూర్చుని, స్క్రూలు అందిస్తూ, పెళ్లి పనులు చూసుకుంటున్నవాడిలా మురిసిపోయాడు.

సాయంత్రానికి పని అయింది. క్యాసెట్టు పెట్టారు. నేను వెనక సీట్లో ఉన్నాను. పాడే ఆమె మధ్యలో ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపించింది. ఇన్నాళ్లూ మేము విన్నది ఈ పాటేనా అనిపించింది.

"అబ్బ, ఎంత మంచిగ వస్తుంది!" అన్నాను.

మా ఆయన దుకాణదారు వైపు తిరిగి, "డోలు మంచిగ వస్తుంది. పాట ఏది?" అన్నాడు.

అతను సౌండు పెంచాడు. తీగలు చూశాడు. క్యాసెట్టు మార్చాడు. "వస్తుంది గదన్నా," అన్నాడు మెల్లగా.

"రాలే. ఆడామె గొంతు రాలే."

అప్పుడు బిడ్డ ఆయన వెనక నిలబడి, "బాపూ," అని పిలిచింది. ఆయన తిరగలేదు. "బాపూ!" అని మళ్లీ పిలిచింది. టేపు అప్పటికే ఆపేసి ఉంది. ఆయన డ్యాష్‌బోర్డు వైపే చూస్తున్నాడు.

బిడ్డ నా వైపు తిరిగింది. "అవ్వా, నేను ఫోన్ చేస్తే బాపు నీకే ఇస్తడు గదా. నాతోని మాట్లాడబుద్ధి కాదేమో అనుకున్న," అంది. అంటూనే ఏడ్చేసింది. దుకాణదారు పనిముట్లు సర్దుకునే వంకతో లోపలికి పోయాడు.

మర్నాడే చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. చిన్న గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశాడు. ఇన్నేళ్ల మిషను మోతకు లోపలి నరం చచ్చిపోయిందని, సన్నటి శబ్దాలు ముందు పోతాయని, పోయినవి తిరిగి రావని చెప్పాడు. ఆయనకు వినపడేలా నేను గట్టిగా మళ్లీ చెప్పాను.

"మా బిడ్డ గొంతు అసలే ఇనరాదా సారూ?" అని అడిగాడు.

చెవి మిషను ఇచ్చారు. అది పెట్టుకుంటే ఈల వేసినట్టు కూత పెట్టేది. పది మంది ఒక్కసారి అరుస్తున్నట్టుందని తీసి పెట్టెలో వేశాడు. బాయిలోకి దిగకుండా ఆయన్ని పైన నేల మీది పనికి మార్చారు.

తర్వాత కొన్నాళ్లు డోలు మోత ఉన్న క్యాసెట్లు మాత్రం పెట్టి కారు నడిపాడు. ఒకసారి ధర్మపురి నుంచి వస్తుంటే వెనక బస్సు హారన్ కొడుతూనే ఉంది. ఆయనకు తెలియలేదు. నేను భుజం పట్టి లాగేసరికి బస్సు మా కారు పక్క అద్దాన్ని రాసుకుంటూ పోయింది. కారు పక్కకు తీసి ఇంజను ఆపేశాడు.

"ఇగ నాతోని కాదు," అన్నాడు. మరో నెలకు కారు అమ్మేశాం.

అప్పటి నుంచి బిడ్డే బస్సులో వచ్చేది. వాకిట్లో ఆయనకు ఎదురుగా కుర్చీ వేసుకుని, గొంతు బొంగురు చేసి, ఒక్కో మాట ఆపి ఆపి చెప్పేది. ఆయన దాని పెదవుల వంకే చూసేవాడు. కొన్ని అర్థమయ్యేవి. కొన్ని అర్థమైనట్టు తలాడించేవాడు.

ఒకసారి అది బస్సెక్కి పోయాక నాతో అన్నాడు: "ఏం మాట్లాడినా నాకు అది ఐదారేండ్ల పొల్ల గొంతుతోనే ఇనవడ్తదే. గప్పటిదే యాదికుంది. ఇప్పుడు దాని గొంతు ఎట్లుంటది?"

ఎట్లా చెప్పాలి? కొంచెం నా గొంతులాగే ఉంటుందన్నాను. నా గొంతు కూడా ఆయనకు సరిగ్గా వినిపించడం లేదని అప్పుడు గుర్తుకొచ్చింది.