చిన్నమావ చూసిన నది

మొన్న మధ్యాహ్నం అన్నాలయ్యాక మా మనవరాలు సెల్‌ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టి, "ఇదిగో మామ్మా, నీ చిన్నమావలాంటోడే, సూడు" అంది. చూస్తే ఒక తెల్లదొర. పండు ముసలాయన. బుగ్గలు జీడిమామిడి పండులా ఎర్రగా ఉన్నాయి, టోపీ నిండా ఏవో బిళ్ళలు గుచ్చుకున్నాడు. అమెరికావాళ్ళు వియత్నాం మీద యుద్ధం చేసిన రోజుల్లో విమానం నడిపాడట. అలాంటి వాళ్ళు ఇప్పుడు ఒక్కొక్కరే పోతున్నారట, పోకముందే కుర్చీలో కూర్చోబెట్టి వాళ్ళు చూసిందంతా వాళ్ళ నోటితోనే చెప్పించి భద్రం చేస్తున్నారట. ఆ మాటలు నాకేం తెలుస్తాయి? కానీ చెబుతూ చెబుతూ ఆయన ఒక అరచెయ్యి ముందు పెట్టి, రెండో అరచెయ్యి దానికి కాస్త వెనకగా, కాస్త కిందుగా పట్టి రెండింటినీ గాల్లో వంచాడు. అంతే, నా చేతిలో తమలపాకు అలాగే ఉండిపోయింది. మా చిన్నమావా అలాగే పట్టేవాడు. ముందున్న చెయ్యి తను. వెనక చెయ్యి నేస్తం.

చిన్నమావంటే మా మావగారి తమ్ముడు. ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య పుట్టి, విశాఖపట్నంలో చదివి, ఎలా చేరాడో ఏమో యుద్ధవిమానం నడిపే కొలువులో చేరాడు. బంగ్లాదేశ్ కోసం తూర్పున యుద్ధం జరిగినప్పుడు వెళ్ళి బాంబులు వేసి వచ్చాడు. కొలువయ్యాక పట్నాల్లో ఉండమని ఎందరు చెప్పినా వినకుండా, తొంభైల చివర్లో చిన్నత్తను తీసుకుని సముద్రపు ఒడ్డున ఉన్న సొంత తోటకే వచ్చేశాడు. అంత విమానం నడిపినవాడికి ఒక చిన్న మోపెడ్ మాత్రం లొంగలేదు. ఇసుకదారిలో వారానికోసారైనా ముళ్ళకంచెలోకి దిగబడేవాడు. "ఏటి మావా, ఆకాసంలో పడనోడివి, కంచెలో పడిపోనావా?" అని ఊళ్ళో ఆడవాళ్ళు ఎకసెక్కాలాడితే, "ఆకాసంలో కంచెల్నేవు కదే" అనేవాడు. వేటకెళ్ళే మత్స్యకారులు మాత్రం ఆయన్ని గౌరవంగా అడిగేవారు, "బావా, గాలెలాగుంటాది ఇయ్యాల?" అని. ఆయన కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మబ్బుల్ని చూసి గంభీరంగా ఏదో చెప్పేవాడు. వాళ్ళు తలలూపి, తమకు తోచినట్టే చేసుకునేవారు. ఆయన చెప్పినట్టు గాలి ఎప్పుడూ వీయలేదని అందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు.

మాది పలాసలో చిన్న జీడిపప్పు బట్టీ. ఇంటి వెనకే జీడిపిక్కలు కాల్చడం, కొట్టడం, పొట్టు తీయడం అన్నీను. కొట్టిన పప్పు ఆరడానికి ఇటుకలతో కట్టిన వేడిగది ఒకటుంటుంది. బోర్మా అంటాం. పప్పు అందులో ఆరితేనే పొట్టు ఊడుతుంది, తడి ఉంటే బూజు పడుతుంది. జీడి పనివాళ్ళ ఇళ్ళలో ఆ బోర్మా మీద ఉండే నమ్మకం దేవుడి మీద కూడా ఉండదేమో. వానాకాలం నానిన అగ్గిపెట్టెలు, మెత్తబడిన అప్పడాలు, పిల్లల బడి పుస్తకాలు, అన్నీ దాంట్లోకే. ఏది తడిసినా మా వాళ్ళ నోట వచ్చేది ఒకటే మాట, "బోర్మాలో పెట్టీ."

రెండువేల సంవత్సరం దాటిన కొద్ది కాలానికి చిన్నమావకి ఒళ్ళు ఉబ్బడం మొదలైంది. మా వైపు ఆ రోగం గురించి ఎవరికీ వివరంగా చెప్పనక్కరలేదు. ఉద్దానంలో ఇంటికొకరు మూత్రపిండాలు పాడై మంచాన పడుతున్న రోజులవి. బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషి కూడా, ఏ ఊరు అని అడిగినట్టే "రత్తం పరీచ్చలో ఎంతొచ్చిందేటి?" అని అడిగేవాడు. రక్తం శుద్ధి చేయించుకోవాలంటే అప్పట్లో విశాఖపట్నమే పోవాలి. రైలుకి దగ్గరని చిన్నమావా చిన్నత్తా తోట వదిలేసి మా ఇంటికి వచ్చి ఉన్నారు. వెళ్ళొచ్చిన మర్నాడు కాస్త తేరుకుని, మేం పొట్టు తీసే వసారాలో వాలుకుర్చీ వేసుకుని కూర్చునేవాడు. చిన్నత్త ఊరికే కూర్చోలేక మాతోపాటు పొట్టు తీసేది. పెద్ద ఆఫీసరు పెళ్ళామై దేశమంతా తిరిగొచ్చినా ఆమె చెయ్యి మా అందరికన్నా చురుకు.

అలా ఉండగా విశాఖపట్నంలో ఉండే ఆయన పాత నేస్తం ఫోను చేశాడు. ఆయనా విమానం నడిపినవాడే. తమతోపాటు యుద్ధంలో తిరిగిన వాళ్ళ మాటలన్నీ టేపుల్లో పట్టి ఉంచుతున్నానని, ఒక చిన్న టేప్‌రికార్డరు, ఖాళీ క్యాసెట్లు పంపిస్తానని చెప్పాడు. చిన్నమావ నవ్వి, "నా సొద ఎవుడికి గావాలిరా" అన్నాడు. అప్పుడు ఆయన ఇంకో మాట చెప్పాడు. అది వింటూ చిన్నమావ నవ్వు మానేశాడు. యుద్ధంలో చిన్నమావ వెనక ఎగిరిన పంజాబీ నేస్తం తిరిగి రాలేదు. కనబడటం లేదని ఇంటికి కబురు పంపారు తప్ప చనిపోయాడని ఎవరూ రూఢిగా చెప్పలేదు. శత్రువుల జైల్లో ఎవరో చూశారట అని ఒకరు, పేరు విన్నామని ఒకరు అతని భార్యకు చెబుతూ వచ్చారు. ఆవిడ ఇంకా ఎదురుచూస్తూనే ఉందట. "చూసినవాడివి నువ్వొక్కడివే. నీ నోటితో చెప్పు. ఆ క్యాసెట్టు నేను స్వయంగా పట్టుకెళ్ళి ఆవిడకు వినిపించి, ప్రతి మాటా అర్థం చెబుతాను" అన్నాడు విశాఖ నేస్తం.

ఫోను పెట్టేశాక చిన్నమావ వచ్చి వాలుకుర్చీలో కూర్చున్నాడు. "అప్పుడే పైవోల్లకి సెప్పినాను. రాసుకున్నారు. ఆడమనిసికి ఎవుడూ సెప్పనేదన్నమాట" అన్నాడు.

టేపు వచ్చింది. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నిటారుగా కూర్చుని, దాని మీట నొక్కి ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. కోర్టులో సాక్ష్యం చెబుతున్నట్టుంది. కాసేపటికే మీట కట్టేసి, "ఇదేటే కోడలా, ఊ అనదేటి ఈ డబ్బా? గోడకి సెప్పినట్టున్నాది" అన్నాడు. నిజమే మరి. మా దగ్గర కథ చెప్పేవాడికి ఎదురుగా ఊ కొట్టే మనిషి ఉండాలి. ఊ ఆగిందంటే విన్నవాడు నిద్రపోయాడని, చెప్పేవాడు లేచిపోవాలని లెక్క. "నానంటాను, నువ్వు సెప్పు మావా" అని పప్పు చేట ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్నాను. చిన్నత్త మూతి ముడిచింది. "ఇన్నేళ్ళూ ఊ అనడానికి నాను లేనేటి? నాకెప్పుడైనా సెప్పినాడేటి?" "నువ్వు ఊ అనవే, కాదంటావు" అన్నాడాయన. వసారా అంతా నవ్వులు. ఆ నవ్వులు కూడా టేపులో పడే ఉంటాయి.

అప్పుడు మన భాషలో చెప్పాడు. తూర్పు బెంగాలు మీద చాలా కిందుగా ఎగిరేవాళ్ళట. "కొబ్బరి మొవ్వులు మా గాలికి పక్కకి ఒంగిపోయేవే. ఆ మడుగులూ, ఆ పడవలూ, అచ్చం మన ఉద్దానమే. మా నాన తోట మీద బాంబేత్తన్నానేటి అనిపించీది." చెప్పిన పని ముగించుకుని నది వెంట వెనక్కి తిరిగారు. వెనకున్న నేస్తం, నా తోక వైపు ఏముందో చూడు అన్నాడట రేడియోలో. చూస్తే పొగ. దూకెయ్ అని ఈయన అరిచాడు. గొడుగు తెరుచుకుని దిగే ఏర్పాటుంటుంది కదా, అది పని చేయలేదో, దూకడానికి చెయ్యి ఆడలేదో తెలియదు. అతను దూకలేదు. ఈయన చుట్టూ తిరుగుతుంటే అతనే అన్నాడట, "నీకు సమురు సాలదు. నువ్వెల్లిపో." ఆ గొంతులో తొట్రుపాటు లేదట, బస్సు పోతుంది బయల్దేరు అన్నట్టే అన్నాడట. తర్వాత విమానం ముక్కు వాల్చి నదిలోకి దిగిపోయింది. ఈయన ఇంకో చుట్టు తిరిగాడు. గొడుగు కనబడలేదు. మనిషి కనబడలేదు. "నీల్లు మూసుకుపోనాయి. మడుగులో రాయేసినట్టే. పైనొక పడవ, అందులో ముసిలోడు, తెడ్డు ఎత్తుకుని అలగే ఉండిపోనాడు." ఆ తర్వాత చిన్నమావ ఆ పంజాబీ ఆవిడను పేరు పెట్టి పిలిచి, "చెల్లీ, నేను చూశాను. ఇక ఎదురుచూడకు" అని హిందీలో అన్నాడు. ఊ అనాల్సింది నేనని మరిచిపోయాను.

విశాఖ నేస్తం ఆ వారమే రావలసింది, వానలు పట్టుకున్నాయి. ఒడిశా వైపు వాయుగుండమట, రైళ్ళు ఆగాయి, కరెంటు పోయింది. మా గోడలు చెమర్చి, తాకితే చెయ్యి తడయ్యేది. ఆయన మాటలు పట్టిన రెండు క్యాసెట్లూ చిన్నత్త దగ్గరున్నాయి. ఆమె వాటిని పసిబిడ్డల్లా చూసుకునేది, రోజూ తీసి కొంగుతో తుడిచేది. ఒక పొద్దున తీసేసరికి పెట్టెలోపల తెల్లగా బూజు. ఆమె ఇంక ఎవర్నీ అడగలేదు. అడగడానికేముంది? బోర్మా నిప్పు ఆర్పేసి, వెచ్చదనం మిగిలిన వేళ, విరగని మంచి గుండుపప్పుని పరిచినట్టు పళ్ళెంలో గుడ్డ వేసి, క్యాసెట్లు పెట్టి తలుపు మూసింది. నాలుగు రోజులుగా వానకి సరిగా ఆరని పప్పు పాడవుతుందని మా బట్టీవాడు పొయ్యిలో మళ్ళీ నిప్పు వేశాడు. లోపల ఏముందో వాడికేం తెలుసు? మేం తలుపు తీసేసరికి రెండూ ఎండలో పెట్టిన కొబ్బరాకుల్లా మెలిపడి ఉన్నాయి. లోపలి రీలు ముద్దయిపోయింది. చిన్నత్త పళ్ళెం పట్టుకుని అక్కడే కూలబడి, "తడారిపోతాది అనుకున్నానే" అంది. ఆ ఒక్కమాటే అంది. మా ఆయన ఏదో అనబోతే చిన్నమావ వాలుకుర్చీలోంచే కేకేశాడు, "దాన్నేటీ అనకండి. నోరుంది కదా నాకు, మల్లీ సెప్తాను."

రైళ్ళు లేకపోయినా నేస్తం బస్సులు మారి, నీళ్ళలో నడిచి వచ్చాడు, కొత్త క్యాసెట్లు తెచ్చాడు. మెలిపడ్డవాటిని విశాఖపట్నంలో తెలిసినవాళ్ళకు చూపిస్తానని గుడ్డలో చుట్టుకున్నాడు. తర్వాత వాళ్ళు పెదవి విరిచారని తెలిసింది. చిన్నమావ మళ్ళీ కూర్చున్నాడు. కానీ వానల్లో రైళ్ళు లేక రక్తశుద్ధి తప్పిపోయిన మనిషి. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. కొబ్బరి మొవ్వుల దాకా చెప్పాడు. పడవల దాకా చెప్పాడు. "నది" అన్నాడు, ఆయాసపడ్డాడు, కళ్ళు మూతపడ్డాయి. నేను ఊ అన్నాను. కాస్త ఆగి మళ్ళీ అన్నాను. నేస్తం మీట మీద వేలుంచి నా వైపు చూశాడు. ఇంకో రోజు, మరో రోజు, అలాగే ప్రయత్నించాం. ఎప్పుడూ ఆ నది దగ్గరకే వచ్చేవాడు, అక్కడే మునిగిపోయేవాడు. "మిగతాది నాను సెప్పేనేటి మావా, నువ్వు అవునను సాలు" అని ఒకసారి అడిగాను. తల అడ్డంగా ఊపాడు. "ఆవిడకి నా నోటంట రావాలే" అన్నాడు.

రైళ్ళు నడిచాక విశాఖపట్నం తీసుకెళ్ళాం. అక్కడి నుంచి తెచ్చింది శరీరాన్నే. సముద్రపు ఒడ్డున దహనమప్పుడు వేటకెళ్ళవలసిన మత్స్యకారులంతా పడవలు దింపకుండా నిలబడ్డారు. ఆ రోజు గాలి ఎలా ఉంటుందని అడగడానికి వాళ్ళకి మనిషి లేడు.

పన్నెండో రోజు అయ్యాక నేస్తాన్ని వసారాలో కూర్చోబెట్టి, ఆయన చెప్పింది చెప్పినట్టు ఒక్క మాట జారకుండా నేనే చెప్పాను. చదివింది ఐదో తరగతైనా ఒకసారి విన్నది పోనివ్వను. ఆయన కళ్ళు తుడుచుకుంటూ విన్నాడు. "చెప్పి చూస్తానమ్మా" అన్నాడు. పంజాబుకి ఫోను చేశాడట. నది, పొగ, తెడ్డెత్తిన ముసలాడు, అన్నీ చెప్పాడట. ఆవిడ అంతా విని, "మీరు చూశారా?" అని అడిగిందట. "లేదు, చూసినవాడి దగ్గర విన్న ఆడమనిషి చెప్పింది" అన్నాడట. "ఇన్నాళ్ళూ విన్నవాళ్ళే చెప్పారు అన్నయ్యా" అని, మర్యాదగానే ఫోను పెట్టేసిందట. అది చెబుతున్నప్పుడు చిన్నత్త పప్పు పొట్టు తీస్తూనే ఉంది. ఆమె వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి, మళ్ళీ కదిలాయి. ఆమె బతికున్నంతకాలం మళ్ళీ బోర్మా తలుపు ముట్టుకోలేదు. ఇంటికి ఎవరు పట్నం నుంచి వచ్చినా, "కాలిపోయిన క్యాసెట్టు బాగుసేసేవోలు ఉన్నారేటి నాయినా?" అని అడిగేది. లేరని చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

నాకు చేతనైంది ఒకటే. పొట్టు తీస్తున్నప్పుడల్లా ఆ కథను మొదటినుంచి చివరిదాకా మనసులో చెప్పుకునేదాన్ని. ఎప్పటికైనా ఆవిడ అడిగితే ఆయన మాట ఆయన మాటగానే అందాలని. ఆవిడ ఉందో లేదో ఇప్పుడు తెలియదు. విశాఖ నేస్తమూ పోయాడు. మొన్న ఫోనులో ఆ తెల్లదొరను చూశాక మా మనవరాలికి కథంతా చెప్పాను. నది నీళ్ళు ఎర్రగా మట్టిరంగులో ఉన్నాయి అన్నాను. అనేశాక ఆగిపోయాను. ఆ రంగు చిన్నమావ చెప్పాడా, లేక ఏటేటా వరదలో వంశధారను చూసే నా కళ్ళు కలిపాయా? ఎంత తవ్వినా అంతు దొరకలేదు. "తరవాతేటయింది మామ్మా?" అని పిల్ల అడుగుతూనే ఉంది. కాలం మన దగ్గర దాచుకున్నదాన్ని ఎత్తుకుపోతుందనే ఇన్నాళ్ళూ భయపడ్డాను. ఎత్తుకుపోకుండా తనది కూడా అందులో కొంచెం కలిపి పెడుతుందని, వేరు చేసి చెప్పగలిగిన మనుషులు లేకుండా పోయాకే తెలిసింది.