మా మామగారి అమీబా, మా తోడల్లుడు గారు

మా తోడల్లుడు గారు పోయారని గుంటూరు నుంచి టెలిగ్రాం వచ్చేసరికి ఒంగోల్లో నా మందుల షాపు తెరుస్తున్నాను. తాళాలు చేతిలో అలాగే పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. దుఃఖం వచ్చింది. దాని వెనకాలే, ఇక అత్తవారింట్లో పెద్దపీట నాదే కదా అన్న ఆలోచనా వచ్చింది. ఏం చెయ్యను, ఏళ్ళ తరబడి ఆయన పక్కన రెండో విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి.

మా ఆవిడ అక్కగారి భర్త ఆయన. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. చొక్కా కాలరు చిరిగితే తిరగేసి కుట్టించుకునేవారు. అయినా పర్చూరు దగ్గర మా అత్తవారి ఊళ్ళో నేను బస్సు దిగితే, మిరప కల్లాల్లో జనం "పెద్దల్లుడు గారు రాలేదాండీ?" అని నన్నే అడిగేవారు. "ముందు చూడాలి, తర్వాతే మందు" అన్నది ఆయన ఊతపదం. మందులమ్ముకునేవాడికి ఆ మాట ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

ఒక ఏడాది మా మామగారికి విరేచనాలు పట్టుకున్నాయి. పట్నంలో పరీక్ష చేసి, కడుపులో అమీబా ఉందన్నారు. విరేచనాలు వాటంతట అవే తగ్గాయి గానీ ఆ మాట మాత్రం ఆయన్ని వదల్లేదు. లోపల పురుగు తిరుగుతోందని బార్లీ నీళ్ళ మీద బతకడం మొదలుపెట్టారు. ఎకరాలకెకరాలు మిరప పండించే మనిషి, పచ్చడి వాసనకే లేచి వెళ్ళిపోయేవారు. బుగ్గలు లోపలికి పోయాయి. నేను షాపులోకెల్లా ఖరీదైన మందు పట్టుకుని వెళ్ళాను. ఈసారైనా నా చేతి మీదుగా కోలుకుంటారని ఎంత ఆశపడ్డానో!

తోడల్లుడు గారు అప్పటికే అరుగు మీద మైక్రోస్కోపు పెట్టుకుని ఉన్నారు. మామగారు అగ్గిపెట్టెలో ఇచ్చినదాన్ని గాజుపలక మీద పూసి చాలాసేపు చూశారు.

"మామయ్య గారూ, చేలో అక్షింతల పురుగు కనిపిస్తే మందు కొట్టిస్తారా?"

"ఎందుకు కొట్టిస్తానండీ? అది పైరుకి పట్టిన పేనుబంకని తింటది గదా."

"మరి దీని మీద ఎందుకంత కోపం? చెడ్డ అమీబా తిత్తిలో నాలుగు చుక్కలుంటాయి, దీనికి ఎనిమిది. అక్కడి బాక్టీరియాని తింటూ తన మానాన తను బతుకుతోంది. మేలు చేస్తుందో లేదో చెప్పలేను గానీ కీడు మాత్రం చెయ్యదు. పేగుల్లో ఇలాంటివీ, ఈస్టులూ బోలెడు కాపురముంటాయి. అన్నిటితోనూ పోట్లాడక్కర్లేదు."

మామగారు ఒక కన్ను మూసి చుక్కలు లెక్కపెట్టుకున్నారు. ఆ పూటే అన్నం తిన్నారు. తర్వాత ఎవరు కలిసినా "నాది ఎనిమిది చుక్కలదిరా!" అని చెప్పుకునేవారు. నా మందు సీలు విప్పకుండానే తిరిగొచ్చింది. పర్చూరు దాకా బస్సులో తోడల్లుడు గారు నాకు కిటికీ పక్క సీటిచ్చి, "చెడ్డదైతే నీ మందే వాడించేవాణ్ణి తమ్ముడూ" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏనాడూ నన్ను చిన్నబుచ్చలేదాయన. అలాంటి మనిషి మీద తీరుబడిగా కోపం తెచ్చుకోవడానికి కూడా వీలుండదు.

కర్మకాండ అయ్యాక మామగారు మళ్ళీ అన్నం మానేశారు. "కడుపులో తిప్పుతోందండీ. ఇంక చూసి చెప్పేదెవరు?" అన్నారు. మా వదినగారు లోపల్నుంచి మైక్రోస్కోపు తెచ్చి నా ముందు పెట్టారు. మర్నాడు పొద్దున్నే మామగారు అగ్గిపెట్టెతో వచ్చారు.

కన్ను ఆనించాను. ఏ మర ఎటు తిప్పాలో తెలియదు. ఆ వెలుతురులో నా కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి.

"ఉందాండీ?"

"ఉందండీ. అదే."

"అన్నం తినమంటారా?"

"తినండి."

నా మాటకి ఆయన ముఖం వెలగడం అదే మొదటిసారి. వంటింటి వైపు తిరిగి కేకేశారు: "అమ్మాయ్, విస్తరెయ్యి! పెద్దల్లుడు గారు ఆనాడే చెప్పారు, అదేం చెయ్యదని!"

నేను తలెత్తలేదు. తడిసిన నా రెప్పలనే చూస్తూ, ఆ గొట్టానికి కన్ను ఆనించి అలాగే ఉండిపోయాను.