మాస్టారు వినని చరణం

టెక్కలి కళాశాలలో మాకు భౌతికశాస్త్రం బోధించిన దేవదానం మాస్టారు పరమపదించారన్న దుర్వార్త గత మంగళవారం పలాస నుంచి వచ్చింది. విన్నది వెంటనే నమ్మవద్దని నేర్పినది ఆయనే. అందుకే ఆయన కుమార్తెకు ఫోన్ చేశాను. ఏడుపే వినిపించింది. అంతకు మించిన నిర్ధారణ అక్కరలేకపోయింది.

కొన్నేళ్లుగా ఆయన డయాలసిస్ యంత్రానికి బందీ. మా ఉద్దానం ప్రాంతపు నీళ్లే మూత్రపిండాలు పాడుచేశాయని ఎవరైనా తీర్పు చెబితే, "కావొచ్చు. రుజువయ్యేదాకా 'కావొచ్చు' కాడే ఆగాల" అనేవారు. తన ప్రాణం తీస్తున్న వ్యాధి విషయంలోనూ ఆయన తొందరపడలేదు.

దివంగత భార్య మరియమ్మగారు పాడగా ఆయన స్వయంగా రికార్డు చేసిన కీర్తనలు ప్రార్థనా మందిరంలోని పాత కంప్యూటర్‌లో ఉండేవి. వేరే ప్రతి లేదు. ఈ వేసవిలో అది మొరాయించింది. మెకానిక్ ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా వేశాక యంత్రం లేచింది గానీ, పాటలున్న రెండో డిస్కు కనబడలేదు.

"అది సచ్చిపోనాది మాస్టారూ" అన్నాడతను.

"సచ్చిపోనాదని నీకెలా తెలుసు? కనబడ్డం నేదని సెప్పు. రెండూ ఒకటి కాదు."

మర్నాడు నన్ను పిలిపించి, పెట్టె విప్పించి, "తీగనట్టుకుని పో" అన్నారు. ఆ డిస్కు తీగ మదర్‌బోర్డుకు వెళ్లడం లేదు. పక్క స్లాటులో గుచ్చిన ఒక అదనపు కంట్రోలర్ కార్డులో ముగిసింది. ఆ కార్డును నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రాం కొత్త సిస్టమ్‌లో లేదు. గడియపడిన గదిలో మనిషిలా డిస్కు లోపల తిరుగుతూనే ఉంది. బయటికి పిలుపు రావడం లేదు. తీసి వేరేదానికి తగిలిద్దామంటే ఆ డిస్కు నేటి యంత్రాలకు అమరదు. కార్డు ఏదో తేల్చాలంటే దాని చిప్పు మీది అంకెలు చదవాలి. వాటి మీద బైబిల్ వాక్యం రాసిన చీటీ అతికి ఉంది. కంప్యూటర్ ప్రతిష్ఠ నాడు సంఘపెద్ద యోహానుగారు లోపలి భాగాలన్నిటికీ ప్రార్థన చేసి అంటించిన చీటీల్లో అదొకటి.

"వాక్యం పీకేత్తావేటి బావా?" యోహానుగారు అడ్డుపడ్డారు.

"గోడకంటించు, నానొద్దన్ను. సిప్పు నోరు ముయ్యకు."

"అదంటించబట్టే ఇన్నేళ్లు నడిసింది!"

"పంకాకి అంటించనేదు కదా. అదెలా తిరుగుతంది?"

యోహానుగారు పైకి చూసి నవ్వేశారు. తడిగుడ్డతో తానే చీటీ ఊడదీసి బైబిల్లో పెట్టుకున్నారు.

అంకెలు దొరికాయి, వాటిని బట్టి డ్రైవర్ దొరికింది. తెర మీద కీర్తనల పేర్లు బారులు తీరాయి. ఒకటి వినిపించబోతే మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ముందు కాపీ. ముసలి డిస్కు, మళ్లీ తిరుగుద్దో నేదో. ఇన్నాళ్లాగినాను, రేపింటాను."

ఆ రేపు డయాలసిస్‌కు పలాస వెళ్లిన మనిషి తిరిగి ఇంటికి రాలేదు.

"ఆయన కనబడ్డం నేదు, అంతే" అని సమాధి వద్ద ఎవరో ఓదార్చారు. రెండూ ఒకటి కాదని నేర్పిన గురువు ఎదుట ఆ మాటకు తలూపలేకపోయాను. ఆయన స్థానం పూరించడానికి మా వద్ద మరో ప్రతి లేదు.

తెరిచి చూడనిదే కాపీ కాపీ కాదన్నది ఆయన నియమం. సంస్మరణ కూటంలో, ఆయన కూర్చునే కుర్చీకి నమస్కరించి, కాపీలోంచి తొలి కీర్తన వినిపించాను. మధ్యలో, రికార్డులోనే, పాట ఆగింది. మరియమ్మగారి గొంతు, ఆనాడు రికార్డు చేస్తున్న ఆయన్నే అడిగింది:

"ఆపీసినారేటండీ? ఇంకో సరణం ఉందండి."