మీ ఇంట్లో ఎవరికి నచ్చదు?

మా పెట్టె తాత పోయిన సంగతి నాకు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. నీళ్ల ట్యాంకర్ ఆలస్యంగా వస్తుందన్న కబురుకీ, బేస్‌మెంట్‌లో ఎవరో బండి అడ్డంగా పెట్టారన్న గొడవకీ మధ్యలో అసోసియేషన్ వాళ్లు రెండు ముక్కల్లో రాశారు. సి బ్లాక్ మేడం గారి నాన్నగారు ఈ ఉదయం కాలం చేశారు, దయచేసి ఆ బ్లాక్ ముందు కార్లు పెట్టకండి అని. కింద వరసగా దండం బొమ్మలు. వాటి కింద మళ్లీ ట్యాంకర్. నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మా ఆదివారాల మనిషి పోతే కార్ల గురించి రాస్తారా అని ఫోన్ మంచం మీదికి విసిరేశాను. ఏడుపు ఆ తర్వాత, పళ్లు తోముకుంటుంటే వచ్చింది.

జ్వరమని తెలుసు. ఆస్పత్రిలో చేర్చారనీ తెలుసు. ఆదివారానికి వచ్చేస్తాడులే అనుకున్నాం. ముసలాయనకి జ్వరం వస్తే ఏమవుతుందో ఆలోచించే వయసు కాదు మాది. నాకు పందొమ్మిదేళ్లు. మిగతా వాళ్లు నాకంటే చిన్నవాళ్లు.

ఆయన పేపర్లో ఫొటో పడే మనిషి కాదు. కడప జిల్లాలో సర్కారు బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. పొద్దున పిల్లల చేత కవాతు చేయించేవాడు, జాతర్లకీ తిరునాళ్లకీ ఊళ్లు తిరిగి పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. హార్మోనియాన్ని ఆయన పెట్టె అనేవాడు. అందుకే మాకు పెట్టె తాత అయ్యాడు. భార్య పోయాక హైదరాబాదులో, ఈ పుప్పాలగూడలో ఉన్న కూతురి దగ్గరికి వచ్చాడు. కూతురు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పెద్ద ఉద్యోగం. ఎప్పుడు చూసినా చెవిలో ఇయర్‌ఫోన్లు, మెడలో ఆఫీసు ట్యాగు. మేం ఆమెని ఆంటీ అనేవాళ్లం.

మాది ఇక్కడి కుటుంబమే. ఇప్పుడు అపార్ట్‌మెంట్ ఉన్న నేలలో ఒకప్పుడు మా వాళ్లు జొన్న వేసేవాళ్లట. నేల ఇచ్చినందుకు వచ్చిన ఫ్లాట్‌లో ఉంటాం. ఊరు మాదే అయినా లిఫ్టులో మేమే తక్కువగా మాట్లాడతాం. ఇది ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

నేను ఇంటర్లో చేరిన ఏడాది అది. క్లబ్‌హౌస్ పైగదిలో ఒక ఆదివారం ఈ ముసలాయన పెట్టె ముందేసుకుని కూర్చున్నాడు. పక్కగదిలో అపార్ట్‌మెంట్ పిల్లలం మేం. బి బ్లాక్ నుంచి ఒకడు వచ్చేవాడు, వాడే మా ర్యాప్‌గాడు. వాడికి పెట్టె చప్పుడు పడలేదు. పోటీగా స్పీకర్ పెట్టి, వాడు సొంతంగా రాసుకున్న ర్యాప్ ఎత్తుకున్నాడు. ఔటర్ రింగు రోడ్డు మీద, కోచింగ్ సెంటర్ల మీద, లిఫ్టులో పలకరించని జనం మీద. గుక్కతిప్పుకోకుండా తిట్టాడు. తాత లేచి వచ్చాడు. అయిపోయాం, తిడతాడు అనుకున్నాం. ఆయన గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిటారుగా నిలబడి, చివరిదాకా విన్నాడు.

"బాగుండాది నాయనా. ఇది మీ ఇంట్లో ఎవురికి నచ్చదు?"

వాడు బిత్తరపోయాడు. ఎవరైనా ఎవరికి నచ్చుతుందని అడుగుతారు గానీ ఇదేం ప్రశ్న? "మా డాడీకి," అన్నాడు.

"ఏంటికి?"

"ఏమో. అరవకు అంటాడు."

"అట్లయితే అడిగి రా. వచ్చే ఆదివారం ఈడనే ఉంటా."

అదీ మొదలు. వాడు నిజంగానే అడిగాడు. వాళ్ల నాన్న కోప్పడలేదట. అన్నీ కొనిపెడుతున్నాను కదరా, నీకింత కోపం దేనికో నాకు అర్థం కావట్లేదు, అందుకే వినలేను అన్నాడట. వాడు వచ్చి ఈ మాట చెప్పి, గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. తాత పెట్టె మీద ఒక రాగం మెల్లగా వాయించాడు. ఆ తర్వాత రెండేళ్లలో వాడు రాసిన ర్యాపుల్లో తిట్లు తగ్గాయి, వాళ్ల నాన్న ఎక్కువయ్యాడు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం కూర్చునేవాళ్లం. ఎవరికి తోచిన పుస్తకం వాళ్లు తెచ్చుకోవచ్చు, ఎవరికి నచ్చిన పాట వాళ్లు వినిపించవచ్చు. కొరియన్ పాటైనా సరే, కీర్తనైనా సరే. కానీ ముందు ఇంట్లో అది నచ్చని మనిషి ఎవరో చెప్పాలి. తర్వాత ఇంటికి వెళ్లి ఎందుకు నచ్చదో ఆ మనిషినే అడిగి రావాలి. వాదించకూడదు, నచ్చజెప్పకూడదు. "ఒక్కసారే అడగాల మ్మే," అనేవాడు తాత. "రెండోసారి అడిగితే అది కొట్లాట అవుతాది." సంస్కృతి, సమాజం అంటూ మాకు బడిలో వ్యాసాలు రాయించేవాళ్లు. వాటిలో ఒక్క ముక్క నాకు గుర్తు లేదు. ఎవరి అమ్మమ్మకి ఏ పాట ఎందుకు పడదో మాత్రం గుర్తుంది.

నా వంతు వచ్చినప్పుడు నేనొక నవల తీసుకెళ్లాను. అందులో మనుషులు అచ్చం మా నానమ్మలా మాట్లాడతారు. ఒక పేజీ పైకి చదివాను. పక్కవాళ్లు నవ్వితే నవ్వారు, తాత నవ్వలేదు. నచ్చనిది ఎవరికంటే మా అమ్మకి అన్నాను. ఆ పుస్తకం ఇంట్లో పైకి చదివితే అమ్మ వచ్చి మూసేసేది. మన భాషంటే నామోషీ పడుతుందని నాకు మండుకొచ్చేది. ఆమెతో సరిగా మాట్లాడటం కూడా మానేశాను.

అడగడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఒక మధ్యాహ్నం అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని అడిగాను. అమ్మ తల ఎత్తలేదు.

"నిన్ను బళ్లె ఏసేటప్పుడు ఇంటర్వ్యూ అన్నరు. నన్ను గూడ లోపలికి పిలిచిండ్రు. నేను నోరు తెరిచి నాలుగు మాటలు చెప్పిన్నో లేదో, ఆ మేడం పక్కామెను చూసి నవ్వింది. ఏమనలే పాపం, నవ్విందంతే. గా నవ్వు నీకు రావద్దనుకున్న. ఇగ అంతే బిడ్డా."

నేను చిక్కుడుకాయలు తీసుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టాను.  ఆదివారం తాతకి ఇది చెబుతూ ఏడ్చేశాను. ఆయన జేబురుమాలు ఇచ్చి, "మీయమ్మ తప్పేం లేదు మ్మే. నిన్ను కాపాడుకుంటాండానని అనుకున్నది," అన్నాడు. అమ్మా నేనూ ఇప్పుడు ఇంట్లో మాట్లాడుకుంటే పక్క ఫ్లాట్‌కి వినపడుతుంది. అదంతా ఆయన చలవే.

నాకు నోటి దురుసు ఎక్కువ. పోయినేడాది ఒక ఆదివారం ఉండబట్టలేక ఆయన్నే అడిగేశాను. "అందరినీ అడుగుతవు గదా తాతా, మరి నీ పెట్టె మీ ఇంట్ల ఎవరికి నచ్చదు?"

 తాత పెట్టె మూత మీద చెయ్యి ఆడించాడు. "మా పాపకు," అన్నాడు. పాపంటే నలభై దాటిన ఆంటీ. "ఇంట్లో తీస్తే లేచి వేరే గదిలోకి పోతాది. అందుకే గదా ఈడికి మోసుకొస్తాండేది."

"ఎందుకట?"

"నాటకాలంటూ ఊళ్లు తిరిగినా. ఇంటిపట్టున లేనని కోపమేమో."

"ఏమో అంటే నడవదు తాతా. అడిగి రా," అన్నాడు ర్యాప్‌గాడు. అందరం చప్పట్లు కొట్టి గోల చేశాం. ఆయన నవ్వలేదు. డ్రిల్లు మాస్టారుకి ఎవరో కవాతు చెప్పినట్టుంది ఆయన మొహం. మరుసటి ఆదివారం రాలేదు. ఆ పై వారం వచ్చాడు.

"అడిగినా," అన్నాడు. "ఆపీసు కాల్ ఉంది నాన్నా, తర్వాత చెప్తా అనింది."

ఇక ప్రతి వారం అదే. పెట్టె దించి కింద పెట్టగానే ఎవరో ఒకరు "చెప్పిందా తాతా?" అనేవాళ్లం. "తీరుబడి దొరకాల గదబ్బా," అనేవాడు. ఒకసారే అడగాలన్నది ఆయన పెట్టిన నియమమే, మళ్లీ అడగడు. దసరా పోయింది, సంవత్సరం మారింది. నాకు ఆంటీ అంటే ఒళ్లు మంట. తండ్రి ఒక్క మాట కోసం ఎదురు చూస్తుంటే ఈవిడకి కాల్సా? నేను వెళ్లి అడిగేస్తానని లేచాను కూడా. జీవితంలో మొదటిసారి తాత నా మీద కేక వేశాడు.

"కూర్చో. ఆ పాపను ఎవురూ ఒక మాట అనేదానికి లేదు. చెప్పాలనిపిచ్చినప్పుడు చెప్తాది. నేను వినేదానికి ఉండాను గదా."

ఆ మాట అన్నవాడు ఉండలేదు. పోయినవారం సి బ్లాక్‌కి వెళ్లాను. ఆయన్ని హాల్లో పడుకోబెట్టారు. మీసం దువ్వి ఉంది. ఆంటీ బంధువులకి ఫోన్లు చేస్తోంది, ఎక్కడ దిగాలో, ఏ దారిన రావాలో చెబుతోంది. నన్ను చూసి తల ఊపింది. నేను ఊపలేదు. తాత కాళ్లకి దండం పెట్టి వచ్చేశాను.

నిన్న ఆదివారం. ఎవరూ పిలవకుండానే అందరం పైగదిలో చేరాం. పుస్తకాలు తెచ్చినవాళ్లు తెరవలేదు. ఏం మాట్లాడినా మాట మధ్యలో ఆగిపోతోంది. అప్పుడు ఆంటీ వచ్చింది, ఆదివారమైనా అలవాటుగా మెడలో ఆఫీసు ట్యాగుతో. చెప్పులు బయట విడిచి, మాతో పాటు కింద చాప మీద కూర్చుంది.

"నాన్న ఇక్కడ ఏదో అడిగి రమ్మనేవాడంట కదా," అంది. "నన్నూ అడిగాడు. జవాబు మీకు చెప్పాలని వచ్చా. ఇంకెవరికి చెప్పుకోవాలో తెలియలేదు."

ర్యాప్‌గాడు చేతిలో ఫోన్ పక్కన పెట్టాడు.

"మీరందరూ ఆయన ఇంట్లో లేడని కోపం అనుకున్నారేమో. కాదు. మా నట్టింట్లోనే ఊళ్లో మగపిల్లోళ్లందరికీ పద్యాలు నేర్పించేవాడు. నేను వంటింట్లో మా అమ్మ పక్కన కూర్చుని అన్నీ నేర్చుకున్నా. నాటకం నాడు జనం వన్స్ మోర్, వన్స్ మోర్ అని అరుస్తాంటే, నేను చాప మీద కూర్చుని ఆ పద్యమే నోట్లో నోట్లో పాడుకునేదాన్ని. ఒక్కసారి... నువ్వు పాడు మ్మే అంటాడేమోనని చూసినా. అనలేదు. ఆడపిల్లను అడగాలన్న సంగతే ఆయనకు తోచలేదు. పెట్టె తీస్తే నాకు అదే గుర్తొస్తాది."

ఇంతసేపూ ఆఫీసు మనిషిలా మాట్లాడిన ఆంటీ మాటల్లోకి కడప వచ్చేసింది. ఆమెకి తెలిసినట్టు లేదు.

"ఆయన అడిగిన రోజు కాల్ అయిపోయాక పోయి గుమ్మంలో నిలబడినా. సిగ్గేసింది. ఈ వయసులో నాన్నతో ఇదేం చెప్పుకుంటామని వచ్చేసినా. పండగకు చెబుదామనుకున్నా. ఆస్పత్రిలో చెవి దగ్గర చెప్పినా గానీ, అప్పటికి ఆయనకు తెలివి లేదు."

నాకు ఏడాదిగా ఆమె మీద ఉన్న కోపం ఎటు పోయిందో తెలియదు.  తాత ఎదురు చూసిన మాట వచ్చింది. వినాల్సిన మనిషే లేడు. ఆయన ఉంటే ఏం చేసేవాడో నాకు బాగా తెలుసు. తల దించుకుని వినేవాడు, ఆ తర్వాత అడగాల్సింది అడిగేవాడు. ఆ అడగడం ఇప్పుడు ఎవరో ఒకరు చేయాలి.

"ఆంటీ," అన్నాను. "గా పద్యం పాడుండ్రి."

ఆమె నన్ను చూసింది. వద్దంటుందనుకున్నాను. కళ్లు మూసుకుంది. మొదట గాలి తప్ప ఏమీ రాలేదు. తర్వాత సన్నగా ఎత్తుకుంది. కొడుకు యుద్ధానికి పోతూ తల్లి దగ్గర సెలవు తీసుకునే పద్యం. ఒక్క మాట తడుముకోలేదు. చివర రాగం తీసేచోట గొంతు చీలింది, అయినా వదల్లేదు, లాక్కుంటూ దించింది. పాడుతున్నంతసేపూ ఎడమచెయ్యి ఒళ్లో మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంది, పెట్టె తిత్తి ఊదుతున్నట్టు.

పద్యం అయిపోయింది. ఆమె కళ్లు తెరవలేదు.

"వన్స్ మోర్," అన్నాడు ర్యాప్‌గాడు.  నేనూ అన్నాను. తర్వాత అందరం అన్నాం, గట్టిగా, కిందికి వినపడేలా.

ఆంటీ చున్నీతో మొహం తుడుచుకుంది. మెడలోని ఆఫీసు ట్యాగు తీసి చాప మీద పెట్టింది. వెన్ను నిటారుగా చేసుకుని, ఈసారి గొంతు పెంచి, మొదటి నుంచి అందుకుంది.