నా వంతు ఏడుపు

మా యాడి నన్ను ఎన్నడూ మెచ్చుకోలేదు. యాడి అంటే మా లంబాడీ మాటలో అమ్మ. పొద్దంతా పత్తి ఏరి వచ్చినా, పదో తరగతి పాసై వచ్చినా ఆమె నోటి నుంచి వచ్చేది ఒకటే మాట, "సరే, పని చూసుకో" అని. మా ఇంట్లోనే కాదు, మానుకోట చుట్టుపక్కల ఏ తండాలోనూ తల్లి ఆడపిల్లను ముఖాన మెచ్చుకోదు. ప్రేమ లేక కాదు. దానికంటూ ఒక రోజు ఉంది కాబట్టి.

పెళ్ళయిన పిల్ల అత్తారింటికి బయలుదేరే రోజు అది. పిల్ల తల్లి మెడను వాటేసుకుని ఏడుస్తూ పాడుతుంది. ఆమె ఆగిన చోట తల్లి అందుకుంటుంది. ఆ ఏడుపు పాటను ఢావ్లో అంటాం. రాగం అందరిదీ ఒకటే, మాటలు మాత్రం ఎవరివి వాళ్ళవి. పిల్ల పుట్టినప్పటి నుంచి తల్లి కడుపులో దాచుకున్నదంతా ఆ కాసేపట్లో బయటికి వస్తుంది. ఆ తర్వాత ఇక ఎన్నడూ అనదు, కాళ్ళావేళ్ళా పడినా అనదు.

మా అక్కను పంపేటప్పుడు యాడి పాడింది నాకు ఇప్పటికీ గుర్తుంది. అక్క పుట్టిన రోజే మా మేక కూడా ఈనిందట. ఇంట్లో మగవాళ్ళు లేరు. "నిన్ను చాప మీద పండబెట్టి మేకకు నీళ్ళు పెట్టబోయిన, బిడ్డా. నువ్వు ఏడుస్తనే ఉన్నవ్. గది మనసుల పెట్టుకోకు" అని పాడింది. మా మాటలు లంబాడీలో ఉంటాయి, మీ కోసం ఇక్కడ తెలుగు చేస్తున్నాను. ఆ సంగతి అక్కకు అంతవరకు తెలియదు. యాడి కాళ్ళ దగ్గరే కూలబడింది. నేను ఇంకా లంగా జాకెట్ల పిల్లను. అందరితో పాటు ఏడుస్తూనే, నా వంతు వచ్చినప్పుడు యాడి ఏం చెబుతుందా అని ఆలోచించాను.

నా గురించి చెప్పడానికి ఆమె దగ్గర ఏమైనా ఉందా అన్నది నా అనుమానం. నేను నల్లనిదాన్ని, నోటి దురుసుదాన్ని, అక్క తర్వాత మళ్ళీ ఆడపిల్లగా పుట్టినదాన్ని. ఈ మూడూ తండా అంతా అనేది, యాడీ అనేది. ఆమె నిజంగా ఏమనుకుంటుందో తెలియాలంటే పెళ్ళి దాకా ఆగాలి. ఆగాను. పెళ్ళికొడుకు మీద కంటే ఆ మాట మీదే నాకు ఎక్కువ ఆశ ఉండేదని చెబితే మా ఆయన ఇవాళ్టికీ మూతి ముడుచుకుంటాడు.

ఢావ్లో పాడటంలో యాడికి చుట్టుపక్కల తండాలన్నింటిలో పేరు. పెళ్ళి కుదిరిన పిల్లలు పొద్దుగూకే ముందు వచ్చి ఆమె దగ్గర కూర్చుని నేర్చుకునేవాళ్ళు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ చోట ఆగి తల్లికి వదలాలో చూపించేది. "తొందర పడకుర్రి, ఏడుపు ఎటు పోదు" అనేది. నేను పక్కనే గిన్నెలు తోముతూ వినేదాన్ని.

అవి తెలంగాణ ఉద్యమం ముదిరిన రోజులు. రోడ్ల మీద వంటావార్పు, బడులకు తాళాలు, ఎక్కడ చూసినా గులాబీ గుడ్డలు. వీటన్నిటికంటే జనం ఎదురుచూసేది ధూంధాం కోసం. ఊరి బయట ఖాళీ జాగా, లారీ మీద కట్టిన వేదిక, నాలుగు పక్కలా మైకులు. ఎండ తగ్గగానే డప్పు మొదలయ్యేది. ట్రాక్టర్లలో, ఆటోల్లో, నడిచీ జనం వచ్చి మట్టిలోనే కూర్చునేవాళ్ళు. ఎవరు పాడుతున్నారో, ఎవరు వింటున్నారో కొంతసేపటికి తెలియకుండా పోయేది. నాకు ఇంటర్ అయిపోయింది, పెళ్ళి కాలేదు. అలాంటి వయసులో అలాంటి గుంపులో నిలబడితే ఎవరికైనా ఒళ్ళు తెలియదు. నాకూ తెలియలేదు.

మానుకోటలో ధూంధాం పెట్టినప్పుడు మా తండా మొత్తం వెళ్ళింది. మధ్యలో వేదిక మీది నుంచి, తండాల అక్కలు ఒక పాట పాడాలని అడిగారు. అందరూ యాడిని ముందుకు తోశారు. ఆమె మా తీజ్ పండగ పాటలేవో పాడుతుందని మేమంతా అనుకున్నాం. మైకు ముందు నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కాసేపు జనాన్ని చూసింది. తర్వాత ఢావ్లో ఎత్తుకుంది. 'నన్నెందుకు పంపుతున్నవు యాడీ' అని పిల్ల పాడే మొదటి చరణం.

మాట అర్థం కాని ఆడవాళ్ళు కూడా ముక్కు చీదుకున్నారు. దిగి వచ్చాక, ఆ పాటే ఎందుకు పాడావని అడిగాను. "గంత మందిని సూస్తే నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే వచ్చే పాట గదే గద" అంది.

తర్వాతి వారమే ధూంధాం బృందం పెద్ద మా తండాకు వచ్చాడు. జనగామలో కాలేజీ సారు, డప్పు మీద మంచి చెయ్యి. అందరం సారు అనే పిలిచేవాళ్ళం. మంచి మనిషి, అది ముందే చెప్పాలి. మా గుడిసె ముందు గొంతుక్కూర్చుని, యాడి పోసిన చాయ తాగుతూ పాటకు అర్థం అడిగాడు. చెప్పింది.

సారు గ్లాసు కింద పెట్టాడు. తర్వాత అన్నాడు. "పిల్లనే గాదు యాడీ, మనం నీళ్ళను గూడ గిట్లనే పంపినం. మన పక్కపొంటి గోదారి పోతది, మన చేను ఎండుతది. నన్నెందుకు పంపినవు అని పిల్ల అడిగినట్టు, నీళ్ళెందుకు పంపినవు అని మనం అడుగుదాం."

నాకు ఒళ్ళు జలదరించింది. యాడి మాత్రం తల గోక్కుంది. "నీళ్ళు ఏడుస్తయా సారూ?" అని అడిగింది. సారు నవ్వి, "జనం ఏడుస్తరు. మీరు జర జోరు పెంచి పాడుర్రి, నేను డప్పు అందుకుంట" అన్నాడు. పాటలో యాడీ అనే పిలుపును అలాగే ఉంచి, మిగతాదంతా తెలుగులో రాసుకొచ్చాడు.

జనగామలో అది మొదటిసారి కొత్త పాటగా బయటికి వచ్చింది. యాడిని అద్దాల బట్టలు వేసుకుని రమ్మన్నారు. పత్తి చేనులో బరువని ఆమె ఆ బట్టలు ఎప్పుడో పెట్టెలో పెట్టేసి చీరలు కట్టేది. ఉద్యమం కోసం మళ్ళీ తీసింది, కొన్ని అద్దాలు ఊడిపోతే నేనే కుట్టాను. లింగాల ఘనపూర్ నుంచి, తరిగొప్పుల నుంచి ట్రాక్టర్లు దిగుతూనే ఉన్నాయి. యాడి మొదటి మాట అనగానే డప్పు పడింది, జనం లేచి నిలబడ్డారు. చేయి పైకెత్తి పాడమని సారు సైగ చేశాడు. ఎత్తింది. ఆ రోజు నుంచి ఆ పాట ఎత్తుకుంటే చాలు, ఆమె కుడి చేయి దానంతట అదే లేచేది. నేను కింద నిలబడి గొంతు పోయేలా అరిచాను.

ఒక సంగతి మాత్రం నాకు అప్పుడే నచ్చలేదు. సినిమాల్లో మన యాసను ఎక్కిరిస్తున్నారని వేదిక మీద మండిపడినవాళ్ళే, కిందికి దిగాక యాడి తెలుగు విని ముసిముసిగా నవ్వేవాళ్ళు. యాడి పట్టించుకోలేదు. నేను ఇద్దరు ముగ్గురితో గట్టిగానే గొడవ పెట్టుకున్నాను.

భూపాలపల్లిలో వాన పడింది. బొగ్గు బావుల కార్మికులు, మహదేవపూర్ వైపు ఊళ్ళ జనం, అందరూ నల్ల బురదలో పిక్కల దాకా దిగబడి ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు. మేం టార్పాలిన్ కింద వాన తగ్గేదాకా ఆగుతుంటే సారు ఒక ముచ్చట చెప్పాడు. అరవైల చివర్లో అమెరికాలో పిల్లలు లక్షల మంది ఒక పాడి రైతు పొలంలో చేరి, యుద్ధం వద్దని, గిటార్లు వాయిస్తూ వానలో బురదలో రోజుల తరబడి పాడుకున్నారట. "మనం గూడ గా బాపతే యాడీ" అన్నాడు, కళ్ళు మెరుస్తుంటే.

యాడి శ్రద్ధగా విన్నది. "మరి ఆ రైతు చేను ఏమైంది సారూ?" అని అడిగింది. "తొక్కి ఉంటరు" అని ఆమే చెప్పుకుంది. ఆ తర్వాత వానలోనే పైకెక్కి పాడింది. బురదలో అంత మంది ఎగురుతుంటే చూసిన కళ్ళు నావి, అబద్ధం చెప్పను, అంత సంతోషం నాకు మళ్ళీ కలగలేదు.

మరుసటి ఎండాకాలం నా పెళ్ళి తరిగొప్పుల దగ్గరి తండాకు కుదిరింది. ఢావ్లో నేర్పమని యాడి ముందు కూర్చున్నాను. "నీకేం నేర్పాలె, ఊరంత పాడుతున్నరు" అంది ముందు. తర్వాత మొదలుపెట్టింది. రెండు మాటలు పోగానే జోరు అందుకుంది. ఆగి, మళ్ళీ మెల్లగా మొదలుపెట్టింది, మళ్ళీ అదే జోరు. తన తొడ మీద తన చేయి దరువు వేస్తుంటే ఆమే వింతగా చూసుకుంది. "పెండ్లినాడు వస్తది తియ్. నిన్ను పంపేటప్పుడు దానంతట అదే వస్తది" అంది. నేను నమ్మాను.

అప్పగింతలు మధ్యాహ్నం జరిగాయి. సారు, బృందం వాళ్ళు, చుట్టుపక్కల పిల్లలు, అందరూ వచ్చారు. జీపు స్టార్టు చేసి పెట్టారు. అక్కను, నాయినను పట్టుకుని ఏడ్చాక యాడి దగ్గరికి వచ్చాను. మెడ వాటేసుకుని, నన్నెందుకు పంపుతున్నవు యాడీ అని ఎత్తుకున్నాను.

వెనక ఎవడో కుర్రవాడు నీళ్ళెందుకు పంపినవు అని అందుకున్నాడు. వాడి తప్పేముంది, ఆ రాగం వింటే అదే పాడాలని వాడికి తెలుసు. పది మంది చప్పట్లు కలిపారు. డప్పు పడింది. ముసలివాళ్ళు వద్దు వద్దని చేతులు ఊపుతున్నా ఎవరు పట్టించుకున్నారు? పందిరంతా ఒకటే పాట. సారు మాత్రం ముందుకు వచ్చి ఆపబోయాడు. ఆయన పాటకే తాళం వేయబోతున్నాడనుకుని కుర్రవాళ్ళు ఆయన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. నేను యాడి ముఖం చూశాను. ఆమె నా వైపే చూస్తోంది, పెదవులు కదులుతున్నాయి, ఏదో చెబుతోంది, చప్పుడులో వినబడలేదు. ఇంతలో జై తెలంగాణ అని కేక వేశారు. యాడి చేయి నా వీపు మీది నుంచి లేచి గాలిలోకి పోయింది.

ఆమె కావాలని ఎత్తలేదు. అది నాకు తెలుసు. అయినా ఆ చేయి నా వీపును వదిలిన క్షణం నాకు ఇప్పటికీ మంటే.

నన్ను జీపెక్కించారు. ఇంత హుషారుగా సాగనంపిన పెళ్ళిని మేం చూడలేదని అత్తగారి తరఫు వాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. రాష్ట్రం వచ్చిన రోజు మా అత్తారి తండాలో కూడా ట్రాక్టరు మీద ఆ పాటే పెట్టారు. అందరితో పాటు నేనూ బయటికి వచ్చి ఎగిరాను. రాష్ట్రం రావద్దని నేనెప్పుడూ అనుకోలేదు. నా ఏడుపు కూడా నాకుంటే బాగుండేదని అనుకున్నాను. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డమని ఎవరైనా అంటే వాళ్ళతో నాకు మాటల్లేవు.

ఆ తర్వాత మా తండాల్లో ఢావ్లో తగ్గిపోయింది. డీజేలు వచ్చాయి, పిల్లలకు సిగ్గు వచ్చింది, కారణాలు చాలా ఉన్నాయి. నేర్చుకోవడానికి యాడి దగ్గరికి ఎవరూ రావడం లేదు.

మొన్న ఎండాకాలంలో పుట్టింటి తండాకు వెళ్ళినప్పుడు యాడి చింతపండు గింజ తీస్తోంది. మోకాళ్ళ నొప్పులతో ఎక్కువగా కూర్చునే ఉంటోంది. ఇన్నేళ్ళు అడగనిది అడిగేశాను.

"నన్ను పంపేటప్పుడు ఏం చెప్దామనుకున్నవ్ యాడీ?"

ఎక్కడికి పంపేటప్పుడు, ఎప్పుడు అని అడగలేదు. చేతిలో పని ఆపింది. "కూసొని చెప్పే ముచ్చట గాదు గది. నువ్వు పోతుంటెనే నోట్లకొస్తది."

"అయితే ఇప్పుడే పోత."

సంచీ అందుకుని బయటికి నడిచాను. గోడ పట్టుకుంటూ నా వెనకే రోడ్డు దాకా వచ్చింది. ఆటోను పిలిచి ఆగమని చెప్పి, ఆమె మెడ చుట్టూ చేతులు వేశాను. ఆమె కొంగు తీసి ఇద్దరి తలల మీదా కప్పింది. నా చరణం మెల్లగా, ఆమె పిల్లలకు చెప్పినట్టే, తొందర పడకుండా పాడాను. ఆగాల్సిన చోట ఆగాను.

యాడి ఊపిరి తీసుకుంది. నీళ్ళెందుకు పంపినవు, అని వచ్చింది. తెలుగులో. ఆమె అరచేయి నా వీపు మీద దరువు వేసింది.

ఆపేసింది. మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ అదే వచ్చింది. ఇంకోసారి నోరు తెరవబోయి, నా భుజం మీద తల పెట్టుకుంది.

"ఉండె బిడ్డా," అంది. "నీది శానా ఉండె. యాడ పెట్టిననో నాకే దొరుకుతలేదు."

ఆటో అతను హారన్ కొట్టాడు. ఎక్కి కూర్చున్నాను.