నికాకు పావుగంట ముందు పోశన్న

పోశన్న ప్లగ్గును అరచేత్తో తాకేవాడు కాదు. వేళ్ల వెనకవైపు ఆనించి వేడి చూసేవాడు. "ఇరువై ఏండ్లు పని చేసిన అరచెయ్యి. దీనికేం సోయుంటది?" అనేవాడు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి, దోహాలో భవనాల మరమ్మతులు చేసే కంపెనీలో ఎలక్ట్రీషియనుగా ఉండేవాడు. అక్కడి నజ్మా పేటలో మా ఏడుగురి గదిలో తలుపు పక్క మంచం ఆయనది. ఆయన పోయి ఏడు నెలలైంది. చాలా సంగతులు చెరిగిపోతున్నాయి గానీ, ఖాసీం కూతురి నికా జరిగిన శుక్రవారం మాత్రం నాకు బాగా గుర్తుంది.

ఖాసీంది కడప. కంపెనీ బస్సు నడిపేవాడు. సెలవు దొరకలేదు. కూతురు ఆయేషా నికాను వీడియోలోనైనా చూడాలని ఒకటే ఆశ. మేమున్న పాత విల్లాలో ఎండాకాలం ఏసీలన్నీ ఒకేసారి నడిస్తే బ్రేకర్ పడి కరెంటు పోయేది. నెట్టు ఆగకూడదని ఖాసీం యూపీఎస్ కొన్నాడు. అందరం టీవీలో చూస్తామని, టీవీనీ రూటర్‌నూ తగిలించిన ఆ యూపీఎస్‌ను గది నడిమికి తెచ్చాడు. తీగ గోడ దాకా చాలక ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఇంకొకటి, దానికి మూడోది తగిలించి, కాళ్లకు తట్టకుండా తివాచీ కిందికి తోశాడు. ఆ రోజు వంట వంతు నాది. వంటగదిలో చోటు లేక రైస్ కుక్కర్‌ను తెచ్చి ఆ మూడో బాక్సులోనే పెట్టాను.

రెండుంపావుకు పోశన్న డ్యూటీ నుంచి వచ్చాడు. గోడ దగ్గరి ప్లగ్గుకు వేళ్లు ఆనించి, వెంటనే పీకేశాడు. యూపీఎస్ కీచుమంది.

"ఏంది పోశన్నా ఇది! పావుగంటలో నా బిడ్డ నికా ఉండాది!" ఖాసీం అరిచాడు.

"తివాచీ కింద చెయ్యి పెట్టి చూడు భాయ్. బిర్యానీ ఆడనే ఉడుకుతుంది."

"నీ పాఠాలు రేపు చెప్పు సామీ!"

"రేపటికి మనముండాలె గద."

తర్వాత నా వైపు తిరిగాడు. "కాగేటిదేదీ గీ బాక్సులకు పెట్టద్దురా. గోడ ప్లగ్గుకే పెట్టాలె. కుక్కర్ తీస్కపో."

యూపీఎస్‌ను తన మంచం పక్కకు మోసి, నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టాడు. గాలాడాలని, దానిమీద ఎవరో ఆరేసిన తువాలు తీసేశాడు. దానికి రూటర్ ఒక్కటే తగిలించాడు.

"మరి టీవీ?"

"ఫోన్ల జూస్తే నీ బిడ్డ నీ బిడ్డ గాదా?"

తన పరుపు చుట్టి ఖాసీంను మంచంమీద కూర్చోబెట్టాడు. మేమంతా వెనక ఇరుక్కున్నాం. ఖాజీ అడుగుతుండగా ఏసీ ఆగింది, లైట్లు పోయాయి. ఫోనులో బొమ్మ మాత్రం ఆగలేదు. "ఖుబూల్ హై" అంటున్న ఆయేషా గొంతు మూడుసార్లూ స్పష్టంగా వినిపించింది. ఖాసీం భుజాన ఉన్న తువాలుతో ముఖమంతా కప్పుకున్నాడు.

కరెంటు వచ్చాక ఖాసీం తనే తివాచీ ఎత్తాడు. అడుగుభాగం గోధుమరంగుకు మాడి ఉంది. తీగ పైతొడుగు మెత్తబడి దానికి అంటుకుంది. ఖాసీం తీగను ఊడదీసి కింద చెత్తడబ్బాలో వేసి రావడానికి లేచాడు.

"ఆగు. గట్లే పారేస్తే పక్క రూమోళ్లు ఏరుకపోతరు" అని పోశన్న దాన్ని అందుకున్నాడు. ప్లగ్గు కోసేసి, తీగను ముక్కలు చేయసాగాడు. చేతులు రెండూ ఖాళీ లేవు. ఖాసీం నికా ఖర్జూరాల పొట్లం విప్పి, మొదటిది ఆయన నోట్లో పెట్టాడు.