మా అత్తయ్య మిద్దెను లేపిన రోజు

పోయిన నెల గుంటూరులో మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు, వాళ్ళ వీధి చివర ఒక రెండంతస్తుల ఇంటిని జాకీల మీద పైకి లేపుతుంటే చూశాను. రోడ్డు వేసినప్పుడల్లా వీధి ఎత్తు పెరిగి, ఆ ఇల్లు గుంటలో ఉన్నట్టయిపోయి, నాలుగు చినుకులు పడితే చాలు కాలవ నీళ్ళన్నీ నట్టింట్లోకి వచ్చేస్తున్నాయట. గోడల కింద వరసగా ఇనప జాకీలు బిగించి, మేస్త్రీ ఈల వెయ్యగానే పనివాళ్ళందరూ ఒక్కసారిగా వాటిని తిప్పుతుంటే, అంత ఇల్లూ కంటికి తెలియకుండా లేస్తోంది. పై అంతస్తులో ఆ ఇంటావిడ తనకేమీ పట్టనట్టు బట్టలు ఆరేసుకుంటోంది. చుట్టూ చేరినవాళ్ళు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకుంటున్నారు. ఇలాంటి వింత ఎన్నడన్నా చూశావా అక్కా అని మా చెల్లెలు అడిగితే, చూశాననే చెప్పాను. జాకీ ఎలా ఉంటుందో కూడా ఎరగని ఒక మనిషి చెక్కముక్కలతోనూ బిందెల్లో నీళ్ళతోనూ మిద్దెను పైకి లేపుతుంటే, ఆ మిద్దె కిందే నిలబడి చూశాను. ఆ మనిషి మా అత్తయ్య.

మార్టూరుకు నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న పల్లెకు నేను కాపరానికి వెళ్ళేనాటికి నాకు పంతొమ్మిదేళ్ళు. మా నాన్న గుంటూరులో గుమాస్తా. మా ఇంట్లో గోడకు మేకు దిగాలన్నా వడ్రంగికి కబురు వెళ్ళాల్సిందే, అతను వచ్చేదాకా ఆ క్యాలెండరు బల్ల మీదే పడుండాల్సిందే. అలాంటి ఇంటి నుంచి వెళ్ళిన నాకు, మొదటి వారంలోనే అత్తయ్య చీర కుచ్చిళ్ళు ఎగదోపి నిచ్చెనెక్కి, మిద్దె మీద వాన నీళ్ళు దిగకుండా చవుడు మట్టి పరిచి కాళ్ళతో తొక్కుతూ కనిపించేసరికి చేతిలో పని వదిలేసి నిచ్చెన కిందే నిలబడిపోయాను. బక్కపలచని మనిషి, నా భుజం దాకా వచ్చేదేమో. ఆవిడ దగ్గర ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో వంకర తీసి సాపు చేసిన మేకులు, సైకిలు చువ్వలు, తెగిన చెప్పుల తోలు ముక్కలు, పనికొస్తుందో రాదో తెలియని సరంజామా అంతా ఉండేది. మిరపతోటకు మందు కొట్టే స్ప్రేయరు కారడం మొదలుపెడితే, మామయ్య దాన్ని బజారుకు తీసుకెళ్ళాలని బయల్దేరేలోపే, ఆవిడ చెప్పుతోలు గుండ్రంగా కోసి వాషరు వేసి, చేతులు కడుక్కుని వచ్చేసేది.

మామయ్య మంచి రైతు. పొగాకు, పత్తి, మిరప ఏది వేసినా నేలను చూసి వేసేవారు. కానీ భార్య మిద్దెలెక్కడం ఆయనకు నామోషీగా ఉండేది. ఊళ్ళో ఎవరో ఒకరు అనకుండా ఉండరు కదా. ఆడదానికి మేస్త్రీ పనేందే అని ఆయన గొణుక్కోవడం, అది వినపడనట్టు ఈవిడ మట్టి తొక్కుకోవడం, ఇద్దరి మధ్యా ఏళ్ళ తరబడి నడుస్తున్న సంగతని నాకు తొందరగానే తెలిసింది.

మా ఇల్లు నల్లరేగడి నేల మీద కట్టిన పాత మట్టిమిద్దె. ఆ నేల సంగతి మా ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు తీస్తుంది, వానలు పడితే ఉబ్బి గోడల్ని కూడా కదిలిస్తుంది. మధ్యగది కప్పు బరువంతా ఒక పెద్ద టేకు దూలం మీద, ఆ దూలం బరువు గది నడిమధ్యన ఉన్న ఒక కొయ్య స్తంభం మీద ఉండేది. నేను వెళ్ళిన ఏడాది ఎండాకాలంలో, కప్పు మధ్యలో ఒక నెర్రె పడి, దాంట్లోంచి దారప్పోగులాంటి ఎండ నేల మీదికి దిగడం మొదలైంది. అది చూసి నేను ముచ్చటపడ్డాను కూడా, ఏమీ తెలియక. అత్తయ్య మాత్రం ముచ్చటపడలేదు. స్తంభం దగ్గర కూర్చుని కింది నుంచి పైదాకా వేళ్ళ కణుపులతో తట్టుకుంటూ వెళ్ళి, మిరపకాయల బస్తాలు కుట్టే దబ్బనం తెమ్మంది. స్తంభం మొదట్లో గుచ్చితే ఆ జానెడు దబ్బనం పెరుగులోకి దిగినట్టు దిగిపోయింది. పైన రంగు ఉంది గానీ లోపలంతా చెదలే.

మామయ్య మర్నాడే చిలకలూరిపేట నుంచి ఒక మేస్త్రీని తీసుకొచ్చారు. అతను కప్పు కేసి ఒకసారి, స్తంభం కేసి ఒకసారి చూసి, దూలం నాలుగు వేళ్ళ మందం కుంగిపోయిందని, మిద్దె మొత్తం దించి మళ్ళీ కప్పు వేసుకోవడమే తప్ప వేరే దారి లేదని తేల్చేశాడు. అప్పటికి రోహిణి కార్తె వచ్చేసింది. కప్పు దించితే మళ్ళీ వేసేలోపు వానలు పడతాయి, తడిస్తే ఆ మట్టిగోడలు నిలవవు. అలాగని ఊరుకుంటే, వానకు పైమట్టి నానిన బరువుకే స్తంభం కూలుతుంది. మామయ్య తల పట్టుకుని కూర్చున్నారు.

"నాకు పదిరోజులు ఇయ్యండి. మిద్దె దించకుండా స్తంభం మారుస్తాను," అంది అత్తయ్య.

"నీకు మతి పోయిందా? మీద పడితే ఇంటిల్లిపాదీ సమాధే," అని అరిచి మామయ్య పొలానికి వెళ్ళిపోయారు. వద్దని మాత్రం అనలేదు. ఆ తేడాను పట్టుకుని ఆవిడ పని మొదలుపెట్టింది.

మార్టూరు వైపు రాతి క్వారీలో పనిచేసే ఒక ముస్లిం పెద్దాయన మా ఊళ్ళోనే ఉండేవాడు. వాళ్ళ నాన్న కూడా రాళ్ళు కొట్టినవాడే. ఆయన అత్తయ్యను అక్కా అనేవాడు, మేమందరం ఆయన్ను రాళ్ళ బాబాయి అనేవాళ్ళం. చెద పట్టని స్తంభం కావాలని అత్తయ్య అడిగితే, కొలత తీసుకెళ్ళి నల్లరాతి స్తంభం ఒకటి చెక్కించి బండి మీద తెచ్చాడు. దాన్ని నిలబెట్టాలంటే కుంగిన దూలం మళ్ళీ నాలుగు వేళ్ళు లేవాలి. దానికి నాలుగు తుమ్మ మొద్దులు ఊతంగా నిలబెట్టి, ఒక్కోదాని కింద చీలలు, అంటే ఒక కొస పలచగా మరో కొస మందంగా చెక్కిన కొయ్యముక్కలు, జోడు జోడుగా పెట్టి సమ్మెటతో కొట్టాలనుకున్నారు. చీల లోపలికి దిగినకొద్దీ మొద్దు పైకి లేస్తుంది, మొద్దుతో పాటు దూలమూ లేస్తుంది. ఆ చీలల్ని అత్తయ్య వారం రోజుల పాటు మిద్దె మీద ఎండలో పెట్టింది. పొద్దున పరచడం, సాయంత్రం ఏరి కుండలో పెట్టి మూతికి గుడ్డ కట్టడం నా పని. వడియాల్లాగా కొయ్యముక్కలు ఎండబెట్టుకోవడం ఎందుకో నాకు అర్థం కాలేదు. అడిగితే, నీళ్ళు బాగా తాగాలంటే బాగా ఎండాలమ్మాయ్ అని నవ్వి ఊరుకుంది.

ఆ రోజు తెల్లవారగానే సామానంతా బయట పెట్టేశాం. మామయ్య ఎవరితోనూ మాట్లాడకుండా అరుగు మీద గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నారు. దూలం పక్కగా ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక దారం బిగించి కట్టి, దూలం మీద బొగ్గుతో ఒక గీత గీసి, ఆ గీత దారాన్ని అందుకోగానే చెప్పమని అత్తయ్య నన్ను నిలబెట్టింది. కొత్త కోడల్ని, అందులోనూ పట్నం పిల్లని, ఆ కప్పు కింద నిలబెట్టడం ఏమిటని మా వారు గొణిగారు. "దాని చూపు సూటి. సూదిలో దారం నాకంటే ముందు అదే ఎక్కిస్తది," అంది అత్తయ్య. అత్తవారింట్లో నన్ను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఇంక అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు.

బాబాయి ఒక పక్క, మా వారు ఒక పక్క సమ్మెటలు వేశారు. ఒక్కో దెబ్బకూ ఇల్లంతా మూలిగినట్టయ్యేది, తల మీద మట్టి రాలేది. గీత కొంచెం కొంచెంగా దారం వైపు పైకి జరుగుతూ వచ్చింది. మూడు వేళ్ళ పైన లేచింది. అప్పుడు ఫెళ్ళుమని పెద్ద చప్పుడయింది. గుమ్మం వైపు మొద్దు నిలువునా చీలి, దూలం అటు వైపు ఒరిగింది.

"అందరూ బయటికి!" అని బాబాయి కేక పెట్టాడు. మా వారు నా చెయ్యి పట్టుకుని లాగారు. అత్తయ్య మాత్రం బయటికి రాలేదు. చీలిన మొద్దును రెండు చేతులతో కౌగిలించుకున్నట్టు పట్టుకుని, "తాడు, తాడు తీసుకురండి," అంటోంది. అరుగు మీది నుంచి మామయ్య లేచి లోపలికి పరిగెత్తారు. ఆవిణ్ణి ఈడ్చుకొస్తారనే అనుకున్నాను. ఆయన ఆవిడ పక్కనే నిలబడి, మొద్దుకు భుజం ఆనించి, "ఎక్కడ పట్టుకోవాలో చెప్పు," అన్నారు.

"కింద. ఆ చీలిక మొదట్లో పట్టుకోండి," అంది ఆవిడ.

బాబాయి, మా వారు కూడా వెనక్కి వెళ్ళి మోకులతో ఆ మొద్దును చుట్టి బిగించారు. అది నిలిచింది. బాబాయి నుదురు తుడుచుకుని, ఇంక ఒక్క సమ్మెట దెబ్బ పడినా ఆ మొద్దు తట్టుకోదని, దూలం మాత్రం ఇంకో అరవేలి మందం లేస్తే గానీ స్తంభం దూరదని చెప్పాడు. పైకీ పోలేం, కిందికీ దిగలేం. మామయ్య మొద్దుకు ఆనించిన భుజం తియ్యలేదు.

"మీ నాయన క్వారీలో బండ పగలగొట్టింది సమ్మెటతోనా తమ్ముడూ?" అని అడిగింది అత్తయ్య.

బాబాయి చేతిలో సమ్మెట కింద పెట్టాడు. వాళ్ళ నాన్న కాలంలో రాతికి వరసగా గుంటలు తొలిచి, ఎండిన చీలలు బిగించి నీళ్ళు పోసేవాళ్ళట. కొయ్య నీళ్ళు తాగి ఉబ్బితే ఏనుగంత బండ కూడా చప్పుడు లేకుండా విడిపోయేదట. ఆ సంగతి ఆయనే ఎప్పుడో అత్తయ్యకు చెప్పి, తాను మరిచిపోయాడు. "రాయి పగలడం వేరు, ఇల్లు లేవడం వేరక్కా," అన్నాడు మెల్లగా. "వానొస్తే మన రేగడి ఇంటిని లేపడంలా? ఇదీ అంతే," అంది ఆవిడ.

చీలల చుట్టూ గోనెపట్టాలు చుట్టి, బిందెల్లో నీళ్ళు పెట్టుకుని చెంబుతో కొంచెం కొంచెంగా పోయడం మొదలుపెట్టింది. ఒక మూల దగ్గర ఎక్కువ, ఒక మూల దగ్గర తక్కువ పోస్తూ, మధ్యమధ్య గోనె ఎత్తి చీలల్ని వేలితో నొక్కి చూస్తూ, పసిబిడ్డకు పాలు పట్టేటంత నిదానంగా పోసింది. నేను మళ్ళీ లోపలికి వచ్చి దారం దగ్గర నిలబడ్డాను. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. గీత కదిలిందో లేదో తెలియక నా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. మధ్యాహ్నం అయ్యేసరికి నెర్రెలోంచి దిగే ఎండ నేల మీద నా పాదం పక్కన పడింది. నేను చూస్తుండగానే ఆ ఎండ సన్నబడటం మొదలుపెట్టింది. మబ్బేమోనని గుమ్మం వైపు చూశాను, బయట ఎండ ఫెళఫెళలాడుతోంది. మళ్ళీ నేల వంక చూసేసరికి ఎండగీత లేదు. పైన కప్పులో నెర్రె మూసుకుపోయింది. అక్కడ ఎవరూ దేన్నీ కొట్టలేదు, ఎత్తలేదు, తొయ్యలేదు. బండ్లకొద్దీ మట్టి మోస్తున్న ఆ కప్పు, నిద్రలో మనిషి ఊపిరి పీల్చుకున్నట్టు, దానంతటది పైకి వచ్చింది.

"అత్తయ్యా, గీత దారాన్ని అందుకుంది," అన్నాను.

మామయ్య తల పైకెత్తి చూస్తూ రెండు చేతులూ జోడించారు. దేవుడికో, ఇంటికో, ఆవిడకో నాకు తెలియదు. ఆ సాయంత్రానికి పాత స్తంభం తీసేసి రాతి స్తంభం నిలబెట్టి, చీలల్ని ఒక్కొక్కటే వదులు చేసి దూలాన్ని దాని మీద కూర్చోబెట్టారు. మర్నాడు ఊరంతా వచ్చి చూసిపోయింది. ఆ పై ఏడాది నుంచి మిద్దె మీదికి చవుడు మట్టి తట్టలు మామయ్యే ఎత్తుకెళ్ళేవారు. ఎవరైనా నవ్వితే, మీ ఇంట్లో దూలం కుంగితే మా ఇంటిదాన్నే పిలుస్తావు పోరా అనేవారు.

ఆ తరవాత చాలా ఏళ్ళకు, మామయ్య పోయాక, మేం తాడేపల్లిలో అపార్టుమెంటు కొనుక్కున్నప్పుడు అత్తయ్య వచ్చి మాతో నెల రోజులు ఉంది. వచ్చిన రోజే గది గదీ తిరిగి గోడల్ని వేళ్ళ కణుపులతో తట్టి చూసింది. ఈ ఇంటికి నాతో పనేం లేదమ్మాయ్ అని నవ్వింది గానీ, ఆ నెల అంతా ఆవిడ చేతులు ఒళ్ళో ఊరికే ఉండటం చూస్తే నాకు ఏదోలా ఉండేది. తిరిగి వెళ్ళిన ఏడాదికే పోయింది. ఇప్పుడు నేను మిద్దె లేపిన నాటి అత్తయ్య కంటే పెద్దదాన్ని. మా ఇంట్లో ఏది చెడినా ఫోను చేస్తే ఎవరో వస్తారు, చూస్తారు, మొత్తం మార్చెయ్యాలంటారు, మార్చేసి వెళ్ళిపోతారు. చెడిన వస్తువును ముట్టుకుని, దానికేమైందో తెలుసుకునే తీరిక మా ఇంట్లో ఎవరికీ లేదు. ఎవరిదాకానో ఎందుకు, నాకే లేదు.

గుంటూరు నుంచి తిరిగొచ్చిన మర్నాడు వంటింటి కుళాయి కారుతుంటే, నేనే విప్పి చూద్దామని రెంచి ఇమ్మని వాచ్‌మన్ని అడిగాను. తెచ్చాడు. నేను కుళాయికి తగిలించి ఒక చుట్టు తిప్పానో లేదో, "మీకెందుకమ్మా, ఇటివ్వండి, ప్లంబర్ని పిలుస్తాను," అని చెయ్యి చాచాడు. ఇచ్చేశాను.